ఒంటి కప్పు మహిమ

ఇంటిల్లిపాదికీ ఒకే గిన్నెలో కాఫీ కలపడం అనాగరికం!

తొందరపడి కోప్పడకండి. కాస్త నిదానంగా ఆలోచించండి. మీ టూత్‌బ్రష్ ఇంట్లో అందరికీ ఇస్తారా? మీ కళ్ళజోడు ఎదురింటాయనకి పెడతారా? మరి కాఫీ మాత్రం అందరూ ఒకే గిన్నెలోంచి, ఒకే రంగులో, ఒకే చిక్కదనంతో ఎందుకు తాగాలండీ? ఆయనకి ఘాటుగా కావాలి, ఆవిడకి పలచగా కావాలి. పెద్దాయనకి చక్కెర వద్దు, పిల్లదానికి చక్కెర ఒక్కటే కావాలి. ఇన్ని నాలుకల్ని ఒక్క గరిటెతో సర్దేసిన నిరంకుశత్వం పేరే గిన్నె కాఫీ.

ఆ నిరంకుశత్వాన్ని కూలదోయడానికి వచ్చిందే ఒంటి కప్పు కాఫీ మిషన్. పైన గింజలు పోసి మీట నొక్కడమే మన పని. అప్పటికప్పుడు గింజలు నలుగుతాయి, అప్పటికప్పుడు నీళ్ళు కాగుతాయి, అప్పటికప్పుడు ఒక్కటంటే ఒక్క కప్పు కాఫీ దిగుతుంది. ఎవరి మీట వాళ్ళది, ఎవరి కప్పు వాళ్ళది. ప్రజాస్వామ్యం వంటింటిదాకా రావడమంటే ఇదే!

దీనివల్ల లాభాలు ఒకటా రెండా? గింజలు నలిగే చప్పుడుకి మేడ మీద అద్దెకున్నవాళ్ళు కూడా ఉలిక్కిపడి లేస్తారు కనుక ఇక అలారం గడియారం దండగ. నలుగురు చుట్టాలు వచ్చారనుకోండి. నాలుగో ఆయన కప్పు దిగేసరికి మొదటి ఆయన తాగేసి, పేపరు చదివేసి, చెప్పులేసుకుని వీధి మలుపు తిరిగిపోయి ఉంటాడు. చుట్టాల బెడదని ఇంత మర్యాదగా తీర్చే యంత్రం ఇంకోటుందా? పైగా దానికి మన మీద ఎంత ఆపేక్షో! "నీళ్ళు పొయ్యి" అని ఒక దీపం వెలిగిస్తుంది. "పిప్పి పారెయ్యి" అని ఇంకో దీపం. "నన్ను కడుగు" అని మరో దీపం. మనతో ఒకరికి పని పడిందన్న తృప్తి ఈ రోజుల్లో ఎంతమందికి దక్కుతోంది చెప్పండి?

అన్నిటినీ మించిన వరం, ఒంటి కప్పు కాఫీ సామాను ఎంచుకోవడం! కొన్నవాడికి కాఫీ దక్కుతుంది, అంతే. ఎంచుకునేవాడికి జ్ఞానం దక్కుతుంది. గ్రైండర్ చేత్తో తిప్పేదా, కరెంటుదా? లోపలి పళ్ళు ఉక్కువా, పింగాణీవా? వడకట్టేది కాగితమా, జల్లెడా? కెటిల్ మూతి పొట్టిగా ఉండాలా, కొంగ మెడలా ఉండాలా? ఈ ప్రశ్నలేవీ ఎదురుకాకుండానే మన తాతలు కాఫీ తాగారంటే, పాపం, ఏం తాగుతున్నారో తెలియకుండానే తాగారన్నమాట.

సాక్ష్యం కావాలంటారా? మా బావ ఉన్నాడు.

బావంటే మా అక్క మొగుడు. కళ్ళజోళ్ళ దుకాణం ఆయనది. దుకాణం వెనక చీకటి గదిలో ఒక ఎత్తు కుర్చీ, ఎదురుగా గోడ మీద అక్షరాల పలక. ఆ కుర్చీలో మనిషిని కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టి, అద్దాలు మారుస్తూ బావ పొద్దస్తమానం అడిగే ప్రశ్న ఒక్కటే. "ఇది బాగుందా, ఇదా? మొదటిదా, రెండోదా?" ఏళ్ళ తరబడి అదే ప్రశ్న అడిగీ అడిగీ ఆయన నాలుక అలా తిరిగిపోయింది. చొక్కా కొన్నా అంతే, టమాటాలు ఏరినా అంతే. ఒక టమాటా పట్టుకుని, దాన్ని దించి ఇంకోటి పట్టుకుని, కొట్టువాడి మొహంలోకి చూస్తూ "మొదటిదా, రెండోదా?" అంటాడు. వాడు బేరం మర్చిపోయి బుర్ర గోక్కుంటాడు.

అలాంటి మనిషికి కాఫీ సామాను ఎంచుకునే యోగం పట్టింది. ఇక చూసుకోండి! ముందు చేత్తో తిప్పే గ్రైండర్ తెచ్చాడు. కొన్నాళ్ళు తిప్పేసరికి కుడిచెయ్యి పహిల్వానుది, ఎడమచెయ్యి బావది అయింది. తర్వాత గింజలు తూచడానికి బుల్లి త్రాసు వచ్చింది. ఒక గింజ వేస్తే ఎక్కువయ్యేది, తీస్తే తక్కువయ్యేది. పంటితో కొరికి సగం గింజ వేసేవాడు. ఆ కాఫీ దిగేలోపు అక్క ఉద్యోగానికి వెళ్ళిపోయేది. చివరికి రివ్యూలన్నీ చదివి, వీడియోలన్నీ చూసి, గ్రైండరూ కెటిలూ అన్నీ ఒకే పెట్టెలో ఉన్న ఒంటి కప్పు మిషన్‌ని ఇంటికి తెచ్చి, కొత్త అల్లుడికి వేసినట్టు దానికి కిటికీ పక్కన పీట వేశాడు.

ఆ మిషన్‌కి మీటలు బోలెడు. ఎంత మెత్తగా నలగాలి, ఎంత ఘాటుండాలి, ఎన్ని నీళ్ళు పడాలి. కంటికి పవర్ ఉన్నట్టే ప్రతి నాలుకకీ ఒక పవర్ ఉంటుందని బావ సిద్ధాంతం. అక్క నాలుక పవర్ తేల్చడానికి ఒక సెలవురోజు ముహూర్తం పెట్టాడు. నేనూ ఉన్నాను, అక్కతో పనిచేసే ఆవిడా ఉంది. అక్కని కుర్చీలో కూర్చోబెట్టి కప్పు మీద కప్పు అందించాడు.

"మొదటిదా, రెండోదా?"

"రెండోది."

"ఇప్పుడు?"

"మొదటిదే నయం."

"సరే, ఇదిగో. ఇప్పుడు?"

అక్క ఇంకో గుక్క తాగింది. మొహం విప్పారింది. "రెండోది. అబ్బ, ఇది చాలా బాగుందండీ!"

బావ పకపకా నవ్వాడు. "రెండూ ఒకటే! ఒకే మీట, ఒకే గింజ! నీ నాలుకకి చత్వారం వచ్చిందే!"

బావ తప్పేం లేదండీ, అది వాళ్ళ వృత్తిలో ఉన్న పద్ధతి. కుర్చీలో కూర్చున్నవాడు నిజంగా చూసి చెబుతున్నాడా, నోటికొచ్చింది చెబుతున్నాడా అని అనుమానం వస్తే, అద్దం మార్చినట్టు టక్కుమని చప్పుడు చేసి అదే అద్దం మళ్ళీ పెడతారు. దుకాణంలో దానికి ఎవరూ నొచ్చుకోరు. బావకి ఇల్లూ దుకాణమూ వేరని ఆ క్షణంలో తోచలేదు, అంతే.

అక్క కప్పు కింద పెట్టింది. "నాకు పరీక్ష పెట్టారా?" అని మాత్రం అంది. లేచి లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ మాట్లాడలేదు.

అక్క గ్రంథాలయంలో పనిచేస్తుంది. ఆవిడ తలెత్తి చూస్తే హాల్లో ఆ చివర దగ్గేవాడికి సగంలో దగ్గు ఆగిపోతుంది. మౌనమంటే మనకి మాట్లాడకపోవడం. ఆవిడకి అది ఉద్యోగం. అంత అనుభవమున్న మనిషి ఇంట్లో మౌనం పడితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఇక్కడ ఆ ఇంటి ఆనవాయితీ ఒకటి చెప్పాలి. పెళ్ళయిన నాటి నుంచీ ఆ ఇద్దరిలో ఎవరూ రెండోవాళ్ళకి "తప్పయింది" అని చెప్పి ఎరగరు. ఆ అవసరమే రాలేదు. తప్పు ఎవరిదైతే వాళ్ళు మర్నాడు ముందు లేచి, గిన్నెలో కాఫీ పెట్టి, రెండు గ్లాసుల్లో పోసి, ఒకటి తెచ్చి అవతలి మనిషి ముందు పెట్టాలి. మాటా పలుకూ అక్కర్లేదు. అవతలి మనిషి తాగితే కేసు కొట్టేసినట్టే. తప్పు ఎవరిదో తేలని రోజున ఇద్దరూ ఒకేసారి లేచి వంటింటి గుమ్మంలో ఢీకొనేవారు. కాఫీ వద్దనుకుంటే ఆ పూటంతా తలనొప్పితో తిరగాలి కనుక ఎంతటి కోపమైనా ఉదయం దాటేది కాదు.

మరి మిషన్ వచ్చాక? ఆ బానిసత్వం పోయింది! మర్నాడు బావ తెల్లారకముందే లేచి, మీట నొక్కి, కప్పు తెచ్చి అక్క ముందు పెట్టాడు. అక్క ఆ కప్పు వంక చూసింది. నెమ్మదిగా లేచి వంటింట్లోకి వెళ్ళి తన మీట తను నొక్కుకుని, తన కప్పు తను దించుకుని, కిటికీ దగ్గర నిలబడి తాగింది. ఆ తర్వాతి రోజూ అంతే. ఆ వారమంతా అంతే. మొగుడు కలిపిన కాఫీ కోసం పెళ్ళాం కోపం చంపుకోవాల్సిన దుర్గతి తప్పింది. ఆడవాళ్ళ స్వేచ్ఛ గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్ళు ఈ మిషన్ పేరెత్తరు, అదేం అన్యాయమో!

ఇంతలో అక్కకి ఉద్యోగంలో శిక్షణ పడింది. నెల్లాళ్ళు వేరే ఊళ్ళో. బావ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"బావమరిదీ, ఎల్లుండే ప్రయాణం. అది మాట్లాడకుండా బండెక్కిందంటే నెల్లాళ్ళూ నాకు అన్నం సయించదు. ఏదో ఒకటి చెప్పు."

"దానికేముంది బావా, ఆ సారీ ఏదో చెప్పెయ్."

"నోరు తిరగదురా," అన్నాడు బావ దిగులుగా. "ఎప్పుడైనా చెబితే కదా! మా ఇంట్లో ఆ మాట చెప్పేది కాఫీయే."

నేను మిషన్ పక్షపాతిని. దాని పరువు కాపాడాలి కదా! లోపం మిషన్‌లో లేదని, వరసలో ఉందని తేల్చాను. ఒక్క కప్పు తీసుకెళ్ళి పెడితే అది తనిఖీలా ఉంటుంది. రెండు కప్పులు ఒకేసారి, పొగలు కక్కుతూ పెడితే పాత ఆనవాయితీ చెల్లుతుంది. బావ నా చేతులు పట్టుకున్నంత పని చేశాడు.

ప్రయాణం నాటి పొద్దున నేను వెళ్ళేసరికి అక్క లోపల బట్టలు సర్దుకుంటోంది. వంటింట్లో బావ మొదటి కప్పు దించాడు. రెండో కప్పుకి మీట నొక్కాడు. "నీళ్ళు పొయ్యి" అంది మిషన్. పోశాడు. "పిప్పి పారెయ్యి" అంది. పారేశాడు. రెండో కప్పు దిగేసరికి మొదటిది చల్లారింది. పారబొయ్యడానికి మనసొప్పక గటగటా తాగేశాడు. ఇప్పుడు రెండోది మొదటిదైంది. మళ్ళీ నొక్కాడు. "నన్ను కడుగు" అంది. కడిగాడు. ఈలోపు ఇదీ చల్లారింది. ఇదీ తాగాడు. అలా ఎన్ని తాగాడో నేను లెక్కపెట్టలేదు. కాసేపటికి చేతులు వణుకుతున్నాయి, కనుగుడ్లు బయటికొచ్చాయి. ఆ చూపుకి గోడ అవతల అక్షరాల పలక పెట్టినా చివరి వరస దాకా చదివేసేలా ఉన్నాడు.

చివరికి పొగలు కక్కే ఒక కప్పు చేతికొచ్చింది. రెండోదానికి మీట నొక్కాడు. మిషన్ గరగరమని ఆగిపోయింది. గింజలైపోయాయని ఎర్రదీపం వెలిగింది. డబ్బా బోర్లించి దులిపితే ఒక్క గింజ రాలలేదు.

సరిగ్గా అప్పుడే సంచీ భుజాన వేసుకుని అక్క బయటికి వచ్చింది.

బావ ఉన్న ఒక్క కప్పునీ రెండు చేతులా పట్టుకుని, సగం సాసర్‌లో ఒలకబోస్తూ, బల్ల మీద పెట్టాడు. అక్క కప్పు వంక చూసింది. ఎర్రదీపం వంక చూసింది. బావ మొహం వంక చూసింది.

"ఎన్ని తాగారు?"

ఎన్నాళ్ళకో వచ్చిన మాట! బావ వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయి మానేశాడు. "రెండూ ఒకేసారి వేడిగా రావడం లేదే," అన్నాడు.

అక్క సంచీ కింద పెట్టి కుర్చీ లాక్కుని కూర్చుంది. సాసర్‌లోది కప్పులోకి వంపుకుని ఒక గుక్క తాగింది. నేను ఊపిరి పీల్చుకున్నాను.

"ఆ రోజు నేను నోటికొచ్చింది చెప్పలేదు," అంది. "రెండోది నిజంగానే బాగుంది."

బావ వృత్తిధర్మం కొద్దీ "రెండూ ఒకటే" అనబోయాడు. నేను ఆయన కాలు తొక్కాను.

"మొదటి కప్పు చేతికిచ్చి, నిలబడి, నా మొహంలోకి చూశారు, మీ కొట్లో వాళ్ళని చూసినట్టు. రెండోది ఇచ్చి పక్కన కూలబడి, అందులోంచే మీరూ ఒక గుక్క తాగారు. ఆ మిషన్ ఈ ఇంట్లోకి వచ్చాక మనిద్దరం కూర్చుని తాగింది ఆ ఒక్కసారే. దానికి నవ్వారు."

బావకి ఏడుపొచ్చినంత పనైంది. కళ్ళు తుడుచుకుంటూ ఆ మాట చెప్పెయ్యాలని నోరు తెరిచాడు. అక్క వారించింది.

"ఏం చెప్పక్కర్లేదు. ఇంక తాగనూ తాగకండి, గుండె పట్టేస్తుంది. ఊరికే ఇలా కూర్చోండి."

బావ కూర్చున్నాడు. అక్క బండి వేళయ్యేదాకా ఆ కాఫీని నెమ్మదిగా, గుక్క గుక్కకీ ఒక కబురు చెబుతూ తాగింది. నాకు కాఫీ కావాలా అని ఎవరూ అడగలేదు. నేనున్న సంగతి వాళ్ళకి గుర్తుంటే కదా!

చూశారా మిషన్ గొప్పతనం? మాటల్లేని మొగుడూ పెళ్ళాలని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టింది! అందుకే మీరూ తప్పకుండా కొనుక్కోండి. ఏ కంపెనీదైనా సరే, ఎన్ని మీటలున్నా సరే. గింజలు మాత్రం కొనకండి.