విన్కో మడుగు, జోఫ్కా పీపా

చేపల వేట సీజన్ ఆఖరి రోజున ఎండ వాగు మీద పడకముందే మిల్లు కింది మడుగు చేరుకోవాలని విన్కో పథకం. గుమ్మం దగ్గరే భార్య జోఫ్కా ఆపింది.

"వెళ్తూ వెళ్తూ ఈ పీపా వాగులో కట్టేసి పో. నానితే చెక్కలు ఉబ్బి సందులు మూసుకుంటాయి. రేపు క్యాబేజీ ఊరవెయ్యాలి."

మడుగుకు కాస్త దిగువన పీపాను అడ్డంగా పడేసి, విల్లో చెట్టుకు హడావిడిగా ముడి వేశాడు.

ఆ మడుగు అతనికి తండ్రి నుంచి వచ్చింది. వరసగా మూడేళ్లు ఒక్క ట్రౌట్ చేప కూడా పట్టనివాడి మడుగు వేరే సభ్యుడికి ఇవ్వాలని చేపల వేటగాళ్ల సంఘం నియమం. ఇది మూడో ఏడు. నెల రోజులుగా చినుకు లేదు. వాగు మోకాలి లోతుకు దిగి తేటపడింది. అతనికి చేప కనిపిస్తోంది, చేపకు అతను కనిపిస్తున్నాడు. ఎరగా ఈకలతో కట్టిన గోరంత ఈగను ఎన్నిసార్లు విసిరినా రాలిన ఆకులే గాలానికి తగులుకుంటున్నాయి. పదకొండో ఆకు దగ్గర విన్కోకు ఏడుపొచ్చింది.

నీళ్లు కాస్త మురికైతే చేపకు తాను కనబడననుకుని, పైనున్న లోయ్జె రంపపు మిల్లుకు పరిగెత్తాడు.

"లోయ్జె, నీ తూము తలుపు జానెడు లేపరా."

"తుప్పు పట్టిందిరా. లేస్తే దిగదు."

"నేను దింపుతాగా."

"చేపనే పట్టలేనోడివి, తలుపేం దింపుతావ్," అంటూనే లోయ్జె చక్రం తిప్పాడు. తలుపు జానెడు లేచింది, మూరెడు లేచింది, పూర్తిగా లేచి అక్కడే బిగుసుకుపోయింది.

ఎర్రటి నీళ్లు మడుగును ముంచెత్తాయి. విన్కో మొదటి విసురుకే ముసలి ట్రౌట్ ఈగను పట్టేసింది. అంతలో మిల్లు ఆవరణలోని దుంగ ఒకటి కొట్టుకొచ్చి దారాన్ని తెంపేసింది. విన్కో నడుము లోతు నీళ్లలో కూలబడ్డాడు. నాన్న మడుగు పోయింది. బతికి ఏం లాభం అనిపించింది.

దిగువన ముడి ఊడిన పీపాను జోఫ్కా, వాగు కాపలాదారు స్రెచ్కో కలిసి ఒడ్డుకు లాగారు.

"ఈ నీళ్లు మీ ఆయన పనేనా?"

"ఇంకెవరిది?"

పీపా నిలబెట్టి చూస్తే లోపల ట్రౌట్. దాని పెదవికి విన్కో ఈగ. తడిసి ముద్దై వచ్చిన విన్కోకు ప్రాణం లేచొచ్చింది.

"నాదే. అది నా ఈగే."

స్రెచ్కో చేపను కొలిచి, నియమం ప్రకారం నీళ్లలో వదిలి, చేపల లెక్క రాసే పుస్తకం తెరిచాడు. "ఒడ్డుకు చేర్చిన సభ్యులదే చేప. జోఫ్కాది."

"ఆవిడ సభ్యురాలేంటి?"

"పోయినేడు సంఘం ఎన్నికల్లో నీకు ఓటెయ్యాలని నువ్వే చేర్పించావు కదయ్యా."

"ఆ ఓటుతో కూడా ఓడిపోయాను," అన్నాడు విన్కో నీరసంగా.

ఆ సాయంత్రమే సంఘం మడుగును జోఫ్కా పేర రాసింది. ఆమెకు చేపల వేట మీద ఆసక్తి లేదు గానీ, పీపా నానబెట్టడానికి చోటు బాగుందంది.