తూర్పు ఎనిమిదిలో పద్నాలుగో జట్టు

ఒక పెద్ద అడవిలో లెక్కలు బాగా వచ్చిన ఉడుత ఒకడు ఉండేవాడు. ఆ ఉడుతను నేనే. కథ చెప్పేవాడు తెలివైన పాత్ర తనకు ఉంచుకోవడం ఆనవాయితీ. ఈ కథలో ఆ పాత్ర నాకు దక్కలేదని ముందే చెప్పేస్తున్నాను.

మా అడవి మధ్యలో ఒక వాగు. ఇవతలి గట్టున మా కాలేజీ, అవతలి గట్టున నీటికుక్కల కాలేజీ. చుట్టుపక్కల ఇంకో నాలుగు కాలేజీలతో కలిపి ఆరింటికీ 'వాగు లీగు' అని కబడ్డీ పోటీలు జరిగేవి. ఏ ఆటకైనా పొద్దున నాలుగు పండ్లు నమిలి బయల్దేరితే, ఆడి, ఓడి, పొద్దుగూకేలోపు ఇంటికి చేరుకోవచ్చు.

అన్నిటికన్నా పెద్ద ఆట చివరిది. వేసవిలో వాగు సన్నబడి మధ్యలో ఇసుకతిన్నె తేలాక, దాని మీద మాకూ నీటికుక్కలకూ పోటీ. తిన్నె మీద మూడొందల మందికే చోటు. మిగతా అడవికి చిలకలు చెప్పేవి. తిన్నె పక్క చెట్టు మీది చిలక చూసింది చూసినట్టు అరిస్తే, తర్వాతి చెట్టు చిలక అందుకునేది. అలా చెట్టు నుంచి చెట్టుకు ఆట అడవంతా పాకేది. మధ్యమధ్యలో "ఈ కూతను మీకు సమర్పిస్తున్నవారు పుట్టతేనె వ్యాపారులు" అని కూడా చెప్పేవి. చిలకలదీ ఒక కంపెనీయే; కంపెనీ అన్నాక తప్పదు.

మా కెప్టెన్ ముంగిస. పేరు ఎర్రక్క. మూడేళ్లుగా ఆ ఇసుకతిన్నె మీద ఒక్కొక్క పాయింటు తేడాతో ఓడుతూ వచ్చింది. ఇది ఆమెకు ఆఖరి సంవత్సరం.

"ఈసారి సింహాద్రిని పట్టకపోతే నా పళ్లు ఎందుకున్నట్టు?" అనేది. సింహాద్రి అంటే నీటికుక్కల కెప్టెన్. వాడి పేరు పెద్దది, మనిషీ, అదే, జంతువూ పెద్దదే.

ఆ ఏడు చిలకల కంపెనీ మేనేజరు మా కాలేజీకి వచ్చాడు. ఆయన గోరింక. కళ్ల చుట్టూ ఉన్న పసుపు వల్ల ఎప్పుడూ కళ్లజోడు పెట్టుకున్నట్టే కనిపిస్తాడు. సగం గౌరవం దానికే.

"సార్," అన్నాడు మా ప్రిన్సిపాల్ ఎలుగుబంటిగారితో, "మీరింకా ఈ వాగులోనే ఉండిపోతే ఎలా? మీ స్థాయికి తూర్పు ఎనిమిది లీగులో ఉండాలి. ఏనుగులు, అడవిదున్నలు, పులులు. పెద్ద జట్లు, పెద్ద ప్రసారం."

"ఆ లీగులో ఎన్ని జట్లున్నాయి?" అని అడిగాను. లెక్కల విషయంలో నేను ఊరుకోను.

"పదమూడు. మీరొస్తే పద్నాలుగు."

"మరి ఎనిమిది అన్నారు?"

"అది బ్రాండు, బ్రదర్. సంఖ్య కాదు."

"తూర్పునే ఉన్నాయా?"

"సగం పడమట ఉన్నాయి. అదీ బ్రాండే."

నాకు అప్పుడే అనుమానం రావాలి. రాలేదు. ఎందుకంటే గోరింక ఆ వెంటనే నా ముందు ఒక తాటాకు పరిచాడు. విన్న ప్రతి పదిమందికీ ఒక దొప్పెడు సారపప్పు ఇస్తామని అందులో ఉంది. సీజనంతటిలో ఆటకు సగటున ఎంతమంది వింటే అంత.

వాగు లీగులో మాకు ఏడాదికి వచ్చేది నలభై దొప్పలు, ఎవరు విన్నా వినకపోయినా. నేను చిలకల పాత లెక్కలు తెప్పించాను. నిరుటి ఇసుకతిన్నె ఆటను విన్నవాళ్లు నాలుగు వేలమంది. నాలుగు వేలను పదితో భాగిస్తే నాలుగు వందల దొప్పలు. అంటే పదింతలు. ఈ లెక్క వేయడానికి నాకు తోక ఒక్కసారి ఊపేంత సమయం పట్టింది. ఆ వేగానికి నేనే మురిసిపోయాను.

ఎలుగుబంటిగారు నేను లెక్క వేసిన తాటాకును తిరగేసి మరగేసి చూశారు. "ప్రయాణం ఖర్చు అని గడి గీశావు. అందులో ఏం రాశావు నాయనా?"

"'తర్వాత చూద్దాం' అని రాశానండీ."

"బాగుంది. దూరదృష్టి ఉంది నీకు," అన్నారాయన. నాలుగు వందల దొప్పలతో కట్టబోయే కొత్త ఆఫీసు గుహకు తలుపు ఏ దిక్కున పెట్టించాలా అని అప్పటికే ఆలోచిస్తున్నారు.

సంతకాలైపోయాక ఎర్రక్క వచ్చింది. నా తాటాకును గడి గడీ వేలు పెట్టి చూసింది.

"తమ్ముడూ, నీటికుక్కలతో ఆట ఏ గడిలో ఉంది?"

"వాళ్లు మన లీగులో లేరు కదక్కా ఇక."

"అంటే?"

"లీగు బయట ఆట ఆడితే వచ్చినదంతా వెనక్కి కట్టాలక్కా. ఒప్పందంలో ఉంది. కానీ చూడు, నాలుగు వందల..."

"మూడేళ్లు ఓడాన్రా వాడి చేతిలో. ఒక్కసారి గెలిచి పోదామనుకున్నాను. నాలుగు వందల దొప్పలు నేనేం చేసుకోను, తల కింద పెట్టుకుని పడుకోనా?"

నేను సగటుల గురించి ఏదో చెప్పబోయాను. ఆమె వినకుండా వెళ్లిపోయింది. ఆమె ఒక్కతే కాబట్టి సగటులో పెద్ద తేడా రాదని నాకు నేను చెప్పుకున్నాను.

మేం కదలగానే వాగు లీగు కూలింది. తాబేళ్లు, కుందేళ్లు, జింకలు ఎవరికి దొరికిన లీగులోకి వాళ్లు దూకారు. నీటికుక్కలు ఎక్కడో కోస్తా దగ్గర 'సముద్రం ఆరు' అనే లీగులో చేరాయట. అందులో తొమ్మిది జట్లు.

మా మొదటి ఆట పడమటి కొండల్లో, అడవిదున్నలతో. పోవడానికి తొమ్మిది రోజులు. రోజుకు మా జట్టు తినేది మూడు దొప్పలు. వెళ్లేటప్పుడు ఇరవై ఏడు, వచ్చేటప్పుడు ఇరవై ఏడు. 'తర్వాత చూద్దాం' అన్న గడిలో యాభై నాలుగు రాశాను. అంకెలు కొంచెం చిన్నవిగా రాశాను, అంతే.

ఆట మిట్టమధ్యాహ్నం పెట్టారు. ఆ వేళ అడవిలో అందరూ నీడన పడుకుని ఉంటారు కాబట్టి వినడానికి తీరిక ఉంటుందని కంపెనీ లెక్క. ఆడేవాళ్లకు నీడ ఉండదన్నది వాళ్ల తాటాకులో వేరే గడి. అది ఖాళీగా ఉంది.

అరవై ఒకటి, మూడు. మా మూడూ ఎలా వచ్చాయంటే, ఒక దున్న ఆట మధ్యలో గడ్డి కనిపించి మూడుసార్లు గీత దాటింది.

ఆ తర్వాత ఏనుగులతో. మా ఏడుగురూ చేతులు కలిపి పట్టుకున్నా కూతకొచ్చిన ఏనుగు కాలి చుట్టూ అందలేదు. అది మమ్మల్ని కాలికి వేసుకునే తన గీత దాకా నడిచిపోయింది. దారిలో ఎవరో పట్టుకున్నారని దానికి తెలిసినట్టు లేదు.

తిరిగొచ్చేటప్పుడు ఎర్రక్క కుంటుతూ నా పక్కన నడిచింది.

"దెబ్బ నొప్పిగా ఉందా అక్కా?"

"నొప్పి కాదురా. ఆ ఏనుగు నన్ను ఓడించానని కూడా అనుకోలేదు. సింహాద్రి అయితే గెలిచాక గట్టు మీద నిలబడి వారం రోజులు వెక్కిరించేవాడు. ఆ వెక్కిరింత మీద కోపంతోనే ఏడాదంతా సాధన చేసేదాన్ని."

సీజన్ సగంలో గోరింక లెక్క పంపాడు. మా ఆటలు విన్నవాళ్లు సగటున రెండు వందల పదిమంది. ఇరవై ఒక్క దొప్పలు. అప్పటికి దారిలో మేం తిన్నది నూట అరవై రెండు.

నేను గోరింక దగ్గరకు పరిగెత్తాను.

"నాలుగు వేల మంది ఏమయ్యారండీ?"

"నిరుటి లెక్కలో రెండో ఆకు చూళ్లేదా బ్రదర్?"

నిజంగానే రెండో ఆకు ఉంది. మొత్తం కనిపించాక రెండో ఆకు తిప్పే అలవాటు నాకు లేదు. అందులో చెట్టు చెట్టుకీ ఎంతమంది విన్నారో విడివిడిగా రాసి ఉంది. ఆ నాలుగు వేలలో అవతలి గట్టు చెట్ల కిందివాళ్లు మూడు వేల వంద. మేం ఓడతామా లేదా అని చెవులు రిక్కించి విన్నవాళ్లు. వాళ్లను నేను మా అభిమానుల కింద రాసుకున్నాను.

"ఇప్పుడూ ఓడుతున్నాం కదండీ, మరి వినరేం?"

గోరింక నావైపు జాలిగా చూశాడు. "వాళ్ల చేతిలో ఓడితే వింటారు బ్రదర్. ఏనుగు చేతిలో ఎవడైనా ఓడతాడు. అందులో మజా ఏముంది?"

ఇంత తెలిసీ ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. రెండో ఆకు పెట్టాను కదా అన్నాడు. పెట్టాడు. కాదనలేను.

సిగ్గుతో అవతలి గట్టుకు పోయాను. సింహాద్రి వాగులో వెల్లకిలా తేలుతున్నాడు. పక్కటెముకలు కనిపిస్తున్నాయి.

"రా బావా," అన్నాడు. "సముద్రం దాకా నడిచి నడిచి ఈత మర్చిపోయేలా ఉన్నాను."

"మీకెన్ని దొప్పలొస్తాయన్నారు?"

"నాలుగు వందలు. మా కాలేజీలో లెక్కలొచ్చిన పందికొక్కు ఒకడున్నాడులే. ఇసుకతిన్నె ఆట విన్న నాలుగు వేలమందీ మావాళ్లే అన్నాడు."

ఆ పందికొక్కుని వెంటనే చూడాలనిపించింది. నా జాతి కాకపోయినా నా రక్తమే.

"ఎర్రక్కకు ఇది ఆఖరి ఏడు," అన్నాను. "ఒక్క ఆట ఆడతావా?"

"ఆడాలని నాకూ ఉంది. ఆడితే మా ప్రిన్సిపాల్ నా తోలు వలిచి నేల మీద పరుచుకుంటాడు. ఒప్పందం."

ఇంటికొచ్చి ఆ ఒప్పందం మొదటి ఆకు నుంచి చివరి ఆకు దాకా చదివాను. బతుకులో మొదటిసారి అంకెలు కాక అక్షరాలు చదివాను. పద్నాలుగో షరతులో ఇలా ఉంది: 'చిలక చూసి చెప్పినది మాత్రమే ఆట. చిలక చెప్పనిది ఏదైనా ఆటగా పరిగణించబడదు.' వేరేవాళ్లెవరూ ప్రసారం చేసి సొమ్ము చేసుకోకూడదని రాసుకున్న షరతు అది. నీటికుక్కల ఒప్పందమూ ఈ కంపెనీదే, అందులోనూ అదే షరతు.

మర్నాడు పొద్దున్నే ప్రిన్సిపాల్‌గారి ముందు పెట్టాను. "చిలకలు లేకపోతే అది ఆట కాదండీ. ఆట కాకపోతే లీగు బయట ఆడినట్టు కాదు."

ఎలుగుబంటిగారు చాలాసేపు గోక్కున్నారు. "మరి దానికి ఎంతొస్తుంది?"

"ఏమీ రాదండీ."

"రాబడి లేని పని కాలేజీకి తెలియాల్సిన అవసరం లేదు," అన్నారాయన. అదే అనుమతి.

మూడో రోజు తెల్లవారాక, వేసవికి అప్పటికే తేలిన ఇసుకతిన్నె మీద ఆట కానిది ఒకటి జరిగింది. చిలకల్ని పిలవలేదు. చెప్పేవాళ్లు లేరని తెలిసి రెండు గట్లవాళ్లూ స్వయంగా వచ్చేశారు. తిన్నె మీద చోటు చాలక నీళ్లల్లో నిలబడ్డారు. మా ప్రిన్సిపాల్‌గారూ వచ్చారు, తెలియనట్టు మొహం పెట్టుకుని.

చివరి కూతకు ఇద్దరివీ ఇరవై రెండేసి. కూతకొచ్చింది సింహాద్రి. మావాళ్లలో మిగిలింది ఎర్రక్క ఒక్కతే. వాడు ఆమె భుజం తాకి గీతవైపు దూకాడు. ఆమె పళ్లు వాడలేదు. వాడి తోక పట్టుకుని ఇసుకలో బోర్లా పడిపోయింది, పట్టు వదలకుండా. వాడు కుంటి కాలున్న ముంగిసను ఈడ్చుకుంటూ గీతకు బెత్తెడు దూరం దాకా పోయాడు. అక్కడ కూత ఆగిపోయింది.

అవతలి గట్టు నుంచి వచ్చిన తిట్లు వింటే ప్రాణం లేచొచ్చింది. ఆర్నెల్ల తర్వాత మమ్మల్ని ఎవరో మనస్ఫూర్తిగా తిట్టారు.

మధ్యాహ్నానికి గోరింక ఎగురుకుంటూ వచ్చాడు. "ఇక్కడ ఆట జరిగిందట."

"ఆట ఎక్కడిదండీ?" అంది ఎర్రక్క ఇసుక దులుపుకుంటూ. "పద్నాలుగో షరతు చూడండి."

గోరింక చూశాడు. ఒడ్డున ఇంకా కదలకుండా పోట్లాడుకుంటున్న జనాన్నీ చూశాడు. గొంతు మారింది. "అయితే ఇది లెక్కలోకి రాదు కదా. ఆదివారం మళ్లీ ఆడండి, మేం ప్రసారం చేస్తాం. షరతులు సడలిస్తాం. ఆరు వందల దొప్పలు."

సింహాద్రి లేచి కూర్చున్నాడు. "నేను సిద్ధం."

ప్రిన్సిపాల్‌గారు నావైపు చూశారు. ఆయన నోరు తెరవకముందే నా తోక ఊగిపోయింది. ఆరు వందలు, రెండు గట్లు, తలా మూడు వందలు, దారి తిండికైన అప్పు పోగా...

ఎర్రక్క నా తోకను కాలితో తొక్కి పట్టుకుంది.

"నేను చదువు అయిపోయినదాన్ని," అంది గోరింకతో. "గెలిచి వెళ్తున్నాను. ఆదివారం ఎవరితోనైనా ఆడించుకోండి. నీటికుక్కలు గెలిచినా ఈ సింహాద్రి వెక్కిరించాల్సింది నన్నే, అప్పటికి నేనిక్కడ ఉండను."

సింహాద్రి ఆమెను గట్టు ఎక్కేదాకా తిడుతూనే ఉన్నాడు. ఆమె ఒక్కో తిట్టుకీ వెనక్కి తిరిగి నవ్వుతూ నడిచింది. నా తోక మీద ఆమె అడుగు పడిన చోట బొచ్చు ఇప్పటికీ సరిగ్గా లేవదు.

నీతి: మనం ఓడిపోతే చూడాలని కోరుకునేవాళ్లను ఎప్పుడూ నడక దూరంలోనే ఉంచుకోవాలి.