వాడనిపూల కషాయం

మర్నాడు బిషప్పు వస్తున్నాడు కనుక, ఆ ఉదయమే వాడనిపూల గుత్తులు చర్చికి చేర్చాలనుకుంది రోదాంథి. క్రీట్ దీవిలో సముద్రపు బండల సందుల్లో పూసే ఆ ఊదా పూలను, అరవై రెండేళ్ల మోకాళ్లతో పాకుతూ కోసుకొచ్చి, మూడు వారాలు వంటింటి దూలానికి తలకిందులుగా వేలాడదీసి ఆరబెట్టింది. బుట్ట కోసం పెరట్లోకి వెళ్లి వచ్చేసరికి దూలం బోసిగా ఉంది.

పొయ్యి మీద పెద్ద గిన్నె మరుగుతోంది. భర్త మనూసోస్, చర్చి ఫాదర్ మినాస్ చెరో గ్లాసు పట్టుకుని కూర్చున్నారు.

"నా పూలేవి?"

"పూలా? అది ఆరబెట్టిన కొండటీ ఆకు కాదటే? ఫాదర్‌కి దగ్గుగా ఉందంటే కాస్త దట్టంగా కాచాను," అన్నాడు మనూసోస్.

"కాస్తా? ఎనిమిది గుత్తులూ కాచావు. నలభై ఏళ్లుగా ఈ వంటింట్లో తింటున్నావు, టీ ఆకేదో, సమాధి మీద పెట్టే పువ్వేదో తెలీదా నీకు?"

సమాధి అన్న మాటకు ఫాదర్ చేతిలో గ్లాసు ఆగిపోయింది. "అమ్మా, నేను రెండు గ్లాసులు తాగాను."

"మీకేం కాదు ఫాదర్. పోయినవి నా పూలు."

అయినా ఫాదర్ పొట్ట పట్టుకుని వాకిట్లో బల్ల మీద వాలిపోయాడు. మనూసోస్ హడలిపోయి డాక్టరు కోసం పరిగెత్తాడు. దారిలో చర్చి గంట కొట్టే నికిఫోరోస్ ఎదురై ఏమైందని అడిగితే, "ఫాదర్... మా వాకిట్లో... పడుకోబెట్టాం... సమాధి పూలు..." అని రొప్పాడు. నికిఫోరోస్ తిన్నగా వెళ్లి చావుగంట కొట్టాడు. ఎవరని అడిగినవాళ్లకల్లా, ఫాదర్ మనూసోస్ వాకిట్లో పోయారని చెప్పాడు.

పావుగంటలో ఊళ్లోని ఆడవాళ్లందరూ తమ ఇళ్లలో ఆరబెట్టుకున్న వాడనిపూల గుత్తులు పట్టుకుని, ఏడుస్తూ రోదాంథి వాకిట చేరారు. గంట విని అప్పటికే లేచి కూర్చున్న ఫాదర్‌ను చూడగానే ఏడుపులు ఆగాయి.

"ఎవరు పోయారమ్మా?" అన్నాడాయన.

"మీరే ఫాదర్," అంది ముందున్న ముసలామె నిష్ఠూరంగా. "పొయ్యి మీద కూర వదిలేసి వచ్చాను."

చావుకని తెచ్చిన పూలను తిరిగి ఇంటికి తీసుకెళ్లడానికి ఒక్కరూ ఒప్పుకోలేదు. అరవై గుత్తులు చర్చికి చేరాయి. వాటిలో రోదాంథి కోసిన రెబ్బ ఒక్కటీ లేదు.

మర్నాడు బిషప్పు గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఇంత అలంకరణ ఏ ఊళ్లోనూ చూడలేదు. ఎవరి చలవ?"

రోదాంథి నోరు తెరిచేలోపే, "మన మనూసోస్ చలవే, అయ్యగారూ," అన్నాడు ఫాదర్ మినాస్.

మనూసోస్ వినయంగా తల వంచాడు.