ఇస్త్రీ చేసిన సంతకం

చేతిసాయం అన్న పేరు అతనికి బావగారే పెట్టారు. అక్కగారింట్లో మేడమీద గదిలో ఉండే ఈ తమ్ముడికి, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఏదో ఒక సాయం చేయందే పొద్దు గడవదు. పోయినేడాది పక్కింట్లో కుళాయి కారుతోందని తనే వెళ్ళి బిగించి, వీధి మొత్తానికి నీళ్ళు లేకుండా చేశాడు. అయినా అతని మీద ఎవరికీ కోపం నిలవదు. మనసు మంచిది, చేతులే ఊరుకోవు.

ఆ రోజు పొద్దున్న అతనికి అప్పగించిన పని ఒక్కటే, బావగారి చొక్కా ఇస్త్రీ చేయడం. పదకొండింటికి వేలంశాలలో పాత కాగితాల వేలం ఉంది. బావగారు ఉద్యోగం నుంచి రిటైరైనప్పటి నుంచీ పాత కాగితాలే లోకంగా బతుకుతున్నారు. చిరిగిన నాటకం టికెట్లు, మూతపడ్డ హోటళ్ళ బిల్లులు, ఎప్పుడో పోయిన పెద్దమనుషులు సంతకాలు చేసిన ఉత్తరాలు వేలంలో పాడి తెచ్చి బీరువాల్లో దాచుకుంటారు. "ఇది అసలుదే" అని ఆయన ఒక్క మాటంటే చాలు, ఆ వేలంశాలలో ఇంకెవరూ భూతద్దం బయటికి తీయరు. అందుకే ఇకమీదట ప్రతి కాగితాన్నీ ఆయనే చూసి ఖాయం చేయాలని వేలంశాల యజమాని బతిమాలాడు. ఆ కబురు ఇవాళ అందరి ముందూ ప్రకటించబోతున్నాడు. బావగారు స్నానాల గదిలో కూనిరాగం తీయడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

ఆయన వేలానికి పెడుతున్నది వందేళ్ళనాటి సర్కస్ కరపత్రం. ఊరూరా తిరిగే ఒక పాత కాగితాల వ్యాపారి దగ్గర ఈమధ్యే కొన్నారు. పైన ఏనుగు బొమ్మ, దాని కింద రెండు సింహాలు, "పిల్లలకు సగం టికెట్టు" అన్న అచ్చు, అన్నిటికంటే కింద సర్కస్ యజమాని సంతకం. కొరడా ఝుళిపించినట్టు దాని చివర మెలిక తిరిగిన ఓ పెద్ద చుట్ట. సిరా వెలిసి బూడిదరంగుకు తిరిగింది. "సిరాకి వయసు ఎంత అందంగా వచ్చిందో చూడు" అని బావగారు వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయారు. సంతకం అసలుదేననడానికి తనదే పూచీ అంటూ వేలం పుస్తకంలో పేరు కూడా వేయించారు.

చొక్కా ఇస్త్రీ అయిపోయింది. పెట్టె ఇంకా వేడిగానే ఉంది. ఎదురుగా బల్ల మీద ప్లాస్టిక్ కవరులో కరపత్రం కనబడింది, నడిమధ్యన అడ్డంగా ఒక మడతతో. పాత కాగితానికి మడత కూడా ఆస్తే, దాని జోలికి పోకూడదని బావగారు ఎన్నోసార్లు చెప్పారు. చెప్పినప్పుడల్లా చేతిసాయం ఇంకెవరికో సాయం చేస్తూ వినలేదు. ఇంత పెద్ద వేలానికి నలిగిన కాగితం పట్టుకెళితే బావగారి పరువేం కావాలి అనుకున్నాడు. కాగితాన్ని జాగ్రత్తగా కవరులోంచి తీసి, మీద శుభ్రమైన చేతిరుమాలు పరిచి, ఎంతో ప్రేమగా ఇస్త్రీ చేశాడు.

రుమాలు తీసి చూశాడు. ఏనుగు ఉంది. సింహాలున్నాయి. పిల్లలకు సగం టికెట్టూ ఉంది. సంతకం లేదు.

రుమాలుకు అంటుకుందేమోనని తిరగేసి చూశాడు. ఇస్త్రీ పెట్టె అడుగు చూసి చెయ్యి కాల్చుకున్నాడు. ఆఖరికి బల్ల కింద కూడా వెతికాడు. కాగితం పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తాడు.

"అక్కా, సంతకం పోయింది!"

"పోవడమేమిట్రా? ఎక్కడికి పోతుంది?"

"కాగితం కాస్త ఇస్త్రీ చేశాను. మడత పోతుందనుకుంటే సంతకం పోయింది."

అక్క కాగితం అందుకుని చూసి నెత్తి కొట్టుకుంది. "ఒరేయ్, మీ బావ దీనికి పూచీ ఉన్నారు కదరా! ఇప్పుడీ బోడి కాగితం పట్టుకెళ్ళి నలుగురిలో ఏం మొహం పెట్టుకుని నిలబడతారు? ఈ వయసులో ఆయనకున్నది ఆ మాట ఒక్కటే."

స్నానాల గదిలో కూనిరాగం ఆగింది. అక్క గబగబా కాగితాన్ని కవరులో దూర్చి, ఫ్రీజరు తెరిచి బఠాణీల పొట్లాల కింద అట్టడుగుకి తోసేసింది. ఆ ఇంట్లో ఫ్రీజరు తలుపు ఆవిడ తప్ప ఎవరూ తీయరు. "ముందు టిఫిను తిననీ. నేనే నెమ్మదిగా చెబుతాను. నువ్వు మాత్రం నోరు మెదపకు" అంది.

బావగారు తల తుడుచుకుంటూ వచ్చి ఖాళీ బల్ల చూశారు. "ఏదీ కాగితం?"

నెమ్మదిగా చెబుదామనుకున్న అక్కకి తీరా సమయానికి ధైర్యం చాలలేదు. "కనబడట్లేదండీ" అనేసింది.

బావగారి మొహం చూసి చేతిసాయం ఏదో ఒక మాట సాయం చేయకుండా ఉండలేకపోయాడు. "నిన్న సాయంత్రం పళ్ళ డాక్టరుగారు దాన్ని అదే పనిగా చూస్తూ కూర్చున్నారు కదండీ" అన్నాడు. తర్వాత నాలుక కరుచుకున్నా లాభం లేకపోయింది.

పళ్ళ డాక్టరు కూడా కాగితాల పిచ్చివాడే. వేలంలో బావగారికి పోటీగా చెయ్యెత్తేది ఆయనొక్కడే. బావగారు వెంటనే వేలంశాలకి ఫోను చేశారు. వేలంశాల యజమాని డాక్టరుకి ఫోను చేశాడు. కాసేపటికల్లా డాక్టరు తెల్లకోటుతో, చేతికి తొడుగులతో, రంకెలు వేస్తూ గుమ్మంలో దిగాడు.

"నేను దొంగనా అండీ? ఇన్నేళ్ళ స్నేహంలో ఇదా మీరు నాకిచ్చే విలువ? నా జేబులు వెతుక్కోండి!" అని కోటు జేబులు బోర్లించాడు. పళ్ళు పీకే పటకారు, కాస్త దూది కింద పడ్డాయి.

"మిమ్మల్ని దొంగని నేనన్నానా? నిన్న చూశారన్నాను, అంతే!" అన్నారు బావగారు.

"అన్నగారూ, వేలం వేళయిపోతోంది" అంటూ వేలంశాల యజమాని కూడా రొప్పుతూ వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "కాగితం సంగతి తర్వాత, ముందు నాకు కాసిని చల్లటి నీళ్ళు ఇప్పించండి."

ఎంత దుఃఖంలో ఉన్నా బావగారికి మర్యాద తప్పదు. నీళ్ళలోకి ఐసుముక్కల కోసం ఆయనే లోపలికి వెళ్ళారు. "ఆగండి, నేనిస్తా!" అని అక్క పరిగెత్తేలోపే ఫ్రీజరు తలుపు తెరుచుకుంది. ఐసు ట్రేతో పాటు కవరు కూడా ఊడి కాళ్ళ దగ్గర పడింది.

చేతిసాయం కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పెట్టె సర్దుకుని రాత్రి బండికి వెళ్ళిపోవాలని మనసులోనే నిశ్చయించుకున్నాడు. ఎక్కడికన్నది మాత్రం తోచలేదు. అన్నం పెట్టిన మనిషి పరువు తన చేత్తోనే తీశానే అని ఏడుపొచ్చింది.

"అమ్మయ్య, దొరికింది!" అన్నారు బావగారు. "సంతకం చెక్కుచెదరలేదు. మంచు తుడిస్తే చాలు."

చేతిసాయం కళ్ళు తెరిచాడు. ఏనుగు, సింహాలు, వాటి కింద పెద్ద చుట్టతో సహా సంతకం! ప్రాణం లేచొచ్చి, ఆ సంతోషంలో నోరు అదుపు తప్పింది. "వచ్చేసింది! అక్కా, ఇస్త్రీకి పోయిన సంతకం తిరిగొచ్చేసింది!"

బావగారు మంచు తుడవడం ఆపి అతని వైపు తిరిగారు.

"ఏమన్నావు?" అన్నారు బావగారు చాలా నెమ్మదిగా.

ఇక దాచి లాభం లేదని అక్కాతమ్ముళ్ళు మొదటినుంచీ అంతా చెప్పేశారు. బావగారు తిట్టలేదు. రుమాలు పరిచి, తనే ఇస్త్రీ పెట్టె వేడి చేసి, సంతకం చివరి చుట్ట మీద ఒక్క క్షణం ఆనించారు. చుట్ట మాయమైంది.

"మా అమ్మాయి దగ్గర ఇలాంటి పెన్నే ఉందండీ!" అన్నాడు డాక్టరు కోపం మరిచిపోయి. "తప్పు రాస్తే రుద్ది చెరుపుకునేది. వేడి తగిలితే సిరా పోతుంది, బాగా చల్లబడితే తేలుతుంది. ఓసారి నోట్సు ఎండలో కారులో వదిలేసి, అంతా తెల్లకాగితాలైపోయాయని ఒకటే ఏడుపు."

బావగారు కుర్చీలో కూర్చుని పెద్దగా ఊపిరి వదిలారు. "కాగితం అసలుదే. ఏనుగూ అసలుదే. సంతకం మాత్రం ఆ వ్యాపారి పెట్టుకున్నది. ఇంకో గంట ఆగితే, నలుగురి ముందూ నా నోటితోనే అబద్ధమాడించేవాడు కదయ్యా!" ఆయన కళ్ళు చెమర్చాయి. బావమరిది కాలిన చేతిని తన చేతుల్లోకి తీసుకున్నారు. "నువ్వు చేసిన సాయం పనికొచ్చిందిరా. ఇదే మొదలు."

తర్వాత వేలంశాల యజమాని వైపు తిరిగారు. "నా పూచీ వెనక్కి తీసుకుంటున్నాను. మీరు నాకిస్తానన్న పని కూడా ఇంకెవరికైనా ఇవ్వండి."

"భలేవారే! తన కాగితాన్ని తనే తప్పుబట్టే మనిషి నాకు ఇంకెక్కడ దొరుకుతాడండీ? పదండి, ఈ మాటే అక్కడా చెబుదురుగాని" అని ఆయన లేచాడు. చేతిసాయం గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఆ రాత్రి బండి ఎక్కే పని తప్పింది.

బావగారు డాక్టరుకి చేతులు జోడించి క్షమాపణ చెప్పారు. డాక్టరు వినిపించుకున్నట్టు లేదు. "ఆ వ్యాపారి... బంగారు ఫ్రేము కళ్ళజోడు పెట్టుకుంటాడు, అతనేనా?" అని అడిగాడు.

"అతనే. మీకూ తెలుసా?"

డాక్టరు మొహంలో నెత్తురు చుక్క లేదు. "మీ ఇస్త్రీ పెట్టె ఓసారి ఇప్పిస్తారా?" అని దాన్ని పిడి పట్టి ఎత్తుకుని రెండడుగులు వేసి, అప్పుడు గుర్తొచ్చి కెవ్వుమన్నాడు. "అయ్యో, అక్కడ నా ఆస్పత్రి కుర్చీలో ఒకాయన నోరు తెరుచుకుని పడుకున్నాడండీ!"

సాయంత్రం డాక్టరు ఫోను చేసి, ఇస్త్రీ పెట్టె రేపు పంపిస్తానని చెప్పి, కాసేపు నసిగి, మా ఫ్రీజరు నిండిపోయింది, మీ ఫ్రీజర్లో బఠాణీలు పోను ఇంకా ఎంత చోటుంటుందండీ అని అడిగాడు.