రెండు తాళాల ఐస్ పెట్టె

నాగరికత అంటే చల్లటి వస్తువును వేడి ప్రదేశానికి చల్లదనం చెడకుండా తీసుకెళ్ళగలగడం. మిగతావన్నీ, అంటే చక్రం, అక్షరం, ఓటుహక్కు, ఆ ప్రయత్నంలో దారి పక్కన దొరికిన చిల్లర లాభాలు. ఈ సత్యాన్ని అధికారికంగా గుర్తించిన మొట్టమొదటి సంస్థ మా చిరునామా సవరణల కార్యాలయం. (మీ ఇంటి నంబరు తప్పుపడితే సరిదిద్దేది మేమే. సరిదిద్దేలోపు మీరు ఇల్లు మారిపోతే అది మా బాధ్యత కాదు.)

మా కార్యాలయం ఏటా ఒకరోజు సముద్రం ఒడ్డుకు వెళుతుంది. ఇసుకలో గుడారం వేస్తాం, దాని నీడలో హోదా ప్రకారం కూర్చుంటాం. దీని పేరు సిబ్బంది ఉల్లాస దినం. ఉల్లాసం తప్పనిసరి. ఉల్లాసపడలేనివారు ముందుగా కారణం రాసివ్వాలి.

ఈ ఉల్లాసాన్ని ఇంతకాలం నిలబెట్టినవి ఒక బకెట్, ఒక గోనెసంచి, వాటిని మోసే అక్కయ్య. అక్కయ్య అంటే మా ఒకటో కిటికీ గుమస్తా. ఆమెకు వేరే పేరు ఉండే ఉంటుంది గాని, జీతాల పట్టీ తప్ప దాన్ని ఎవరూ వాడరు. ఉద్యోగంలో చేరిన ఏడాది అందరిలోకీ చిన్నదని బకెట్ ఆమె చేతికిచ్చారు. ఆ తర్వాత ఆమెకన్నా చిన్నవాళ్ళు బోలెడుమంది చేరారు. (నేనూ చేరాను.) అయితే బకెట్ సీనియారిటీ లెక్కలోకి రాదని పైవాళ్ళు తేల్చారు. ఐసు దిమ్మ పగలగొట్టడం, గోనె చుట్టడం, కాలే ఇసుకలో మోసుకొచ్చి తలా ఒక సోడా అందించడం ఆమె పని. తన వంతు వచ్చేసరికి బకెట్‌లో గోరువెచ్చటి నీళ్ళు, వాటిమీద తేలే లేబుళ్ళు మిగిలేవి.

ఈ ఏడు ఉల్లాస దినం సరిగ్గా ఆమె పదవీ విరమణ రోజున పడింది. మా పెద్దసారు జాలిగుండె మనిషి, ముఖ్యంగా నలుగురి ఎదుట. కొన్నాళ్ళ ముందే అందర్నీ పిలిచి, అక్కయ్యా, నీకేం కావాలో కోరుకో అన్నారు. గోడగడియారం అప్పటికే కొని బీరువాలో పెట్టించి ఉన్నారు కాబట్టి ధైర్యంగానే అడిగారు.

అక్కయ్య బీరువా వైపు చూసింది.

"గడియారం వద్దు సార్. టైము మా ఇంట్లోనూ ఉంది. ఒక్కసారి ఆ ఒడ్డున నేను కూర్చుని ఉండాలి. ఎవరైనా చల్లటి సోడా తెచ్చి నా చేతికివ్వాలి. అంతే."

ఇలాంటి కోరికకు మా దగ్గర పూర్వ ఉదాహరణ లేదు. పైగా గడువు కత్తిలా వేలాడుతోంది. ఉల్లాస దినం సాయంత్రం ఆఫీసు వేళ ముగిసిన మరుక్షణం ఆమె బయటి మనిషి. బయటి మనిషికి సిబ్బంది నిధిలోంచి సోడా ఇవ్వడం నేరం.

మరొకరు బకెట్ మోస్తే సరిపోయేది. ఆ ఆలోచన ఎవరికీ రాలేదు. వచ్చినవాళ్ళు నోరు మెదపలేదు. ఐస్ పెట్టె కొనాలని ఏకగ్రీవంగా నిర్ణయించి, దాన్ని ఎంచుకోవడానికి కమిటీ వేశారు.

కమిటీలో పెద్దసారు కాక ఇద్దరు హేమాహేమీలు. ఒకరు మా సూపరింటెండెంటు. మేనమామల గురించి చెప్పినంత ఆప్యాయంగా రూల్సు గురించి చెబుతారు కాబట్టి ఆయన్ని రూల్సు మావయ్య అంటాం. రెండోవారు అకౌంట్స్ ఆఫీసరు. ఆయన పేరు అడ్డుపుల్ల. (ఎందుకో చెప్పనక్కర్లేదు. చెప్పబోయినా ఆయన అడ్డుపడతారు.) నేను టీ తెప్పించే సభ్యుణ్ణి.

దుకాణదారు మమ్మల్ని చూడగానే మనుషుల్ని అంచనా వేశాడు. తెల్లటి థర్మకోల్ పెట్టె చూపించి ఇది పేదల ఏనుగు అన్నాడు. భుజానికి తగిలించుకునే సంచీ చూపించి ఇది కుర్రాళ్ళ గుర్రం అన్నాడు. కారులో వైరు గుచ్చితే తనంతట తానే చల్లబరుచుకునే పెట్టె మరొకటి. చివరగా దుకాణం మూల నుంచి ఒక నీలం పెట్టెను ఈడ్చుకొచ్చాడు. మందపాటి గోడలు, మూత చుట్టూ రబ్బరు, అడుగున నీళ్ళు పోయే కన్నం, రెండు చక్రాలు. వారం రోజులైనా దీంట్లో ఐసు కరగదని హామీ ఇచ్చాడు. ఎక్కడ పరీక్షించారని అడ్డుపుల్ల నిలదీశారు. మంచు కురిసే దేశంలోనట.

పరీక్ష మేమే చెయ్యాలని కమిటీ తీర్మానించింది. నాలుగింటినీ అరువు తెచ్చి, ఐసు నింపి, ఆఫీసు వరండాలో వరసగా పెట్టాం. చిరునామాల కోసం వచ్చిన జనం అదీ ఒక క్యూ అనుకుని వాటి వెనక నిలబడ్డారు. ఇక మాలో ప్రతివాడికీ ఒకటే ఆరాటం, ఐసు కరిగిందా లేదా అని. సంతకానికి వెళుతూ ఒకరు మూత తీశారు. సంతకం పెట్టించుకుని వస్తూ మళ్ళీ తీశారు. పెద్దసారు ప్రత్యేకంగా దిగివచ్చి, చెయ్యి లోపల పెట్టి, హాయిగా ఉందని చెప్పి కాసేపు అలాగే ఉంచారు. మధ్యాహ్నానికి నాలుగింట్లోనూ నీళ్ళే. నాలుగూ ఫెయిలయ్యాయని అడ్డుపుల్ల రాశారు.

రెండో పరీక్షలో మూత తియ్యడం నిషేధించారు. తియ్యకపోతే కరిగిందో లేదో ఎలా తెలుస్తుందన్నది ప్రశ్న. చెవి ఆనించి వినాలని పెద్దసారు ఆదేశించారు. ఆ రోజంతా మా సీనియర్ గుమస్తాలు మోకాళ్ళ మీద వంగి పెట్టెలకు చెవులు ఆనించి ఉండగా, ఒకటో కిటికీ దగ్గర అక్కయ్య ఒక్కతే జనాన్ని పంపుతూ కూర్చుంది. ఏ పెట్టె చప్పుడు చెయ్యలేదో అదే గట్టిదని తేలింది. నీలం పెట్టె గెలిచింది.

ఇల్లు అలకగానే పండగ కాదు. అసలు కథ అప్పుడు మొదలైంది. కొన్న ప్రతి వస్తువూ ఏదో ఒక పద్దు కింద చేరాలి. ఐస్ పెట్టె అనే పద్దు మాకు లేదు. చక్రాలున్నాయి కాబట్టి వాహనం అన్నారొకరు. వాహనమైతే డ్రైవరు పోస్టు సృష్టించాలి. దానికి ఏడాది పడుతుంది కాబట్టి చక్రాలు ఊడదీశారు. (ఇసుకలో చక్రాలు ఎలాగూ తిరగవు. అది మా అదృష్టం, తెలివి కాదు.) అడుగున కన్నం ఉంది కాబట్టి నీటి సరఫరా కింద పెట్టాలన్నారు. ఆ కన్నాన్ని లక్కతో మూశారు. మూత మీద కూర్చోవచ్చు కాబట్టి కుర్చీ అన్నారు. అంత వెడల్పు కుర్చీకి అర్హత పెద్దసారుకు మాత్రమే ఉంది.

గడువు ముంచుకొస్తోంది. నేను అక్కయ్యకు సంగతులు చేరవేస్తూ ఉన్నాను. ఆమె ముద్ర వేస్తూనే వినేది.

"పోనీలే తమ్ముడూ, ఆ మూత తీసి చూసేవాళ్ళని నాలుగేళ్ళు ముందే పింఛనుకి పంపించు. సోడా అదే చల్లబడుతుంది."

సరిగ్గా అప్పుడే రూల్సు మావయ్య పెట్టె ముందు చతికిలబడ్డారు. మూత రెండు మూలల్లోనూ తాళం వేసుకోవడానికి రెండు కన్నాలు. ఆయన కళ్ళు చెమర్చాయి. మూత ఉంది, లోపల విలువైన సరుకు ఉంటుంది, రెండు తాళాలకు చోటుంది. ఇది డబ్బు దాచే ఖజానా పెట్టె కాక మరేమిటని ఆయన అడిగారు. పైగా మా దగ్గర ఖజానా పద్దు ఖాళీగా ఉంది.

అలా మా ఐస్ పెట్టె ఖజానా అయింది. ఖజానాకు రెండు తాళాలు. ఒక తాళంచెవి రూల్సు మావయ్య దగ్గర, రెండోది అడ్డుపుల్ల దగ్గర. ఇద్దరూ ఎదుట ఉంటే తప్ప మూత లేవదు. పెద్దసారు మహదానందపడ్డారు. మూత మాటిమాటికీ తియ్యకుండా ఆపే ఏర్పాటు ఇంతకన్నా ఏం కావాలన్నారు. నిజానికి ఆ ఒక్క మాట మాత్రం నిజం.

ఉల్లాస దినం ఉదయం ఐసు నింపారు, సోడాలు పేర్చారు, రెండు తాళాలూ వేశారు. పెట్టె బస్సెక్కింది. మేమూ ఎక్కాం. అప్పుడు రూల్సు మావయ్య ఒక చిన్న సంగతి గుర్తుచేశారు. ఖజానా తాళంచెవులున్న ఇద్దరూ ఒకే బండిలో ప్రయాణించరాదు. దోపిడీ దొంగలు బస్సును ఆపితే రెండూ ఒకేచోట దొరికిపోతాయి. (సోడాల కోసం బస్సులు దోచే ముఠాలున్నాయా అని నేను అడగలేదు. అడిగితే ఉన్నాయని తేలేదాకా విచారణ జరుగుతుంది.) అడ్డుపుల్ల హుందాగా బస్సు దిగి, రెండో బండిలో వస్తానన్నారు.

ఒడ్డు చేరేసరికి ఎండ నిప్పులు చెరుగుతోంది. గుడారం వేశాం. నీలం పెట్టెను నీడలో దించి, పెద్దసారు అక్కయ్యను చెయ్యిపట్టి తీసుకొచ్చి దానిమీద కూర్చోబెట్టారు. కుర్చీ నిబంధనను ఆ పూటకు సడలించినట్టు ప్రకటించి, చప్పట్ల కోసం ఆగారు. పెట్టెకు కాపలా ఎవరని రూల్సు మావయ్య అడిగితే, కూర్చున్నది అక్కయ్యే కాబట్టి ఆమె పేరే చెప్పారు.

అందరం అడ్డుపుల్ల కోసం రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాం. సముద్రం వైపు ఎవరూ చూడలేదు. చివరికి పెద్దసారు ఫోను చేశారు. అడ్డుపుల్ల ఆఫీసులోనే ఉన్నారు. రెండో బండికి పెట్రోలు మంజూరు చెయ్యాల్సింది అకౌంట్స్ ఆఫీసరట. అంటే ఆయనే. ఒక్క ప్రయాణికుడి కోసం బండి తియ్యడం దుబారా అని ఆయనే రాసి, ఆయనే తిరస్కరించుకున్నారు. తన నిర్ణయం మీద తనకే అప్పీలు పెట్టుకున్నానని, అది తేలగానే బయలుదేరతానని చెప్పారు.

నోళ్ళు పిడచకట్టుకుపోతున్నాయి. మూత సందులోంచి చల్లదనం వాసన కూడా రావడం లేదు. అంత మంచి రబ్బరు. పెద్దసారు తాళం పగలగొట్టమన్నారు. ఖజానా పగలగొట్టాలంటే పోలీసులుండాలని, పంచనామా జరగాలని రూల్సు మావయ్య మెత్తగా చెప్పారు. చెబుతుంటే ఆయన పెదవులే పగులుతున్నాయి.

అప్పుడు జరిగింది అది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. మొత్తం కార్యాలయం మెడలు ఒక్కసారిగా అక్కయ్య వైపు తిరిగాయి. గట్టు మీద దూరంగా ఒక సోడా బండి కనిపిస్తోంది. పెద్దసారు గొంతు సవరించుకున్నారు.

"అక్కయ్యా, నీకు అలవాటేగా. ఎలాగో ఆ బండిదాకా వెళ్ళి..."

అక్కయ్య కొంగుతో మొహం తుడుచుకుంది. లేవబోతున్నట్టే ముందుకు వంగింది. నేనే వెళతానని లేవబోయాను గాని, అప్పటికే ఆమె మాట్లాడుతోంది.

"వెళ్ళేదాన్నే సార్. కానీ ఖజానాని వదిలి కాపలా మనిషి కదలకూడదంట కదా. ఏం మావయ్యా?"

రూల్సు మావయ్య కళ్ళు మూసుకున్నారు. ఒకవైపు దాహం, మరోవైపు రూలు. జీవితంలో మొదటిసారి ఆయన రూలు వల్ల బాధపడటం చూశాను. అయినా నిజాయితీపరుడు. కదలకూడదు, కాపలా మారాలంటే రెండో తాళంచెవి అధికారి సంతకం కూడా ఉండాలి అన్నారు.

మిగతా అందరి వైపూ పెద్దసారు చూశారు. నేను లేచాను. మిగిలిన ఖజానా సిబ్బందిని కూడా కదిలించరాదని మావయ్య నన్ను కూర్చోబెట్టారు. పెట్టె కొనుగోలు కమిటీలో నేనూ సభ్యుణ్ణేనట. (పెద్దసారుకు ఈ రూలు వర్తించదట.) గుమస్తాలు గుడారం తాళ్ళు పట్టుకుని ఉన్నారు, వదిలితే గాలికి లేచిపోతుంది. చేతులు ఖాళీగా ఉన్నది ఆ ఒడ్డున ఒక్కరికే.

పెద్దసారు బూట్లు విప్పారు. కాలే ఇసుకలో, వేళ్ళ మీద గెంతుతూ, అధికారంలోకి వచ్చాక మొదటిసారి తన కాళ్ళతో తానే ఒక పనికి బయలుదేరారు. బండి దగ్గర క్యూ ఉంది. ఆయన నేరుగా ముందుకెళ్ళారు. సోడావాడు చెయ్యి అడ్డంపెట్టి వెనక్కి చూపించడం ఇక్కడికే కనిపించింది. ఆయన వెనక్కి వెళ్ళి నిలబడ్డారు. క్యూ అంటే లోపలినుంచి ఎలా ఉంటుందో అప్పుడు తెలిసిందని తర్వాత చెప్పారు. (చెప్పిన వెంటనే మరిచిపోయారు.)

సీసాలన్నీ పొట్టకు హత్తుకుని తిరిగివచ్చారు. చొక్కా తడిసిపోయింది, మొహం ఎర్రబడింది. అందరికన్నా ముందు అక్కయ్య దగ్గర ఆగి, ఒక సోడా తీసి చేతికిచ్చారు.

అక్కయ్య ఒక గుక్క తాగింది. ఎలా ఉందని నేను అడిగాను.

"చల్లగా లేదు." ఇంకో గుక్క తాగి, సముద్రం వైపు తిరిగి కాళ్ళు చాపుకుంది. "అయినా ఇది అయిపోయేదాకా నన్నెవరూ లేపకండి."

సాయంత్రం ఆఫీసు వేళ ముగిసేవరకు ఆ సీసాలో సోడా మిగిలే ఉంది. ఆమె అంత నెమ్మదిగా తాగడం నేనెప్పుడూ చూడలేదు.

మరుసటి పనిదినాన అడ్డుపుల్ల అప్పీలు తేలింది. ఇద్దరూ తాళాలు తీశారు. ఐసు చెక్కుచెదరలేదు. సోడాలు పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉన్నాయి. కమిటీ ఏసీ గదిలో వాటిని సేవించి, ఎంపిక నూటికి నూరుపాళ్ళు సరైనదని నివేదించింది. సముద్రతీరంలో పెద్దసారు స్వయంగా సోడాలు తేవాల్సి రావడాన్ని 'సిబ్బంది లోపం' అని పేర్కొని, అది పునరావృతం కాకుండా తక్షణ చర్యలు సూచించింది.

ఒకటో కిటికీ ఖాళీకి నిన్న ప్రకటన వచ్చింది. విద్యార్హత డిగ్రీ. సముద్రం మీద ఆసక్తి లేనివారికి ప్రాధాన్యం ఇవ్వబడును.