పొగలో మొదటి స్థానం

ఆ రోజు పొద్దున పొగ లెక్కల గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏ దేశంలో మనిషికి ఎంత కర్బనం గాల్లో కలుస్తోందో చెప్పే పట్టికను మధ్యాహ్నంలోగా డైరెక్టరుగారి బల్ల మీద పెట్టాలి. నెలాఖరుకి ఖాళీ అయ్యే సెక్షను అధికారి కుర్చీ సంగతి మర్యాదగా గుర్తుచేయాలి. అంతే.

కాఫీ అందిస్తూ భార్య ఒక మాట అంది. "బావగారి పట్టికలో మన దేశం తొమ్మిదో స్థానానికి ఎక్కిందట. మీ పట్టికలో ఎక్కడుందండీ?"

ఆ బావగారు మనవాడికి తోడల్లుడు, ఆఫీసులో పక్క బల్ల. దేశాల ఆర్థిక పోటీ సామర్థ్యం లెక్కలు ఆయనవి. ఆ కుర్చీ మీద కన్నేసిన రెండోవాడూ ఆయనే. మనవాడి పట్టికలో దేశాలు అక్షరక్రమంలో ఉంటాయి, కాబట్టి మన దేశం నలభైమూడో వరుసలో ఎవరి కంటా పడకుండా ఉంటుంది. డైరెక్టరుగారేమో ఏ పట్టికలోనైనా మొదటి వరుస మాత్రమే చదువుతారు. మనవాడికి కడుపు మండిపోయింది. ఆఫీసుకు వెళ్ళీ వెళ్ళగానే ఎక్కువ పొగ పైన, తక్కువ పొగ కింద వచ్చేలా హడావుడిగా లెక్కలు కట్టి పట్టికను తిరగరాశాడు. మన దేశం ఏకంగా మొదటి వరుసలోకి వచ్చి కూర్చుంది.

డైరెక్టరుగారు ఆ వరుస చదివి పొంగిపోయి మంత్రిగారికి ఫోను చేశారు. మంత్రిగారు సభలో ప్రకటించారు. భోజనాల వేళకు ఆఫీసు గేటుకు బ్యానరు వేలాడింది. దేనిలో మొదటి స్థానమో అడగాలని ఎవరికీ తోచలేదు. చెప్పాల్సినవాడు తోడల్లుడి మాడిన మొహం చూసుకుంటూ కూర్చున్నాడు. పెళ్ళయిన పదేళ్ళలో అంత హాయి అతను ఎరగడు.

మూడింటికి ఒక విలేకరి ఆ ప్రశ్న అడగనే అడిగాడు. మంత్రిగారు ఉరుకుల పరుగుల మీద ఆఫీసుకు వచ్చిపడ్డారు. డైరెక్టరుగారు మనవాడి వైపు వేలు చూపించారు.

"నా తప్పేముందండీ?" అన్నాడు మనవాడు. "అన్నయ్యగారి పట్టికలో దేశం పైకెక్కింది ఫ్యాక్టరీలు పెరిగే కదా. ఇది ఆ ఫ్యాక్టరీల పొగే."

"నా పట్టికలో మనకంటే ముందున్న ఎనిమిది దేశాలవాళ్ళకీ ఫ్యాక్టరీలున్నాయి తమ్ముడూ. వాళ్ళు పొగ తగ్గించుకోవడం కూడా నేర్చుకున్నారు," అన్నాడు తోడల్లుడు. పొద్దుటినుంచీ ఆయన కళ్ళల్లో నిప్పులు పోసుకుని ఆ పట్టికనే తవ్వుతున్నాడు. తమ్ముడికి ఆఖరికి పొగలో కూడా మొదటి స్థానం దక్కకూడదని ఆయన పట్టుదల. "మంత్రిగారూ, ఇతను మన దేశపు పొగను పదేళ్ళ కిందటి జనాభాతో భాగించాడండీ. ఇప్పటి జనాభా వేస్తే మనిషి వాటా తగ్గుతుంది. మనది రెండో స్థానమే."

మంత్రిగారికి ప్రాణం లేచొచ్చింది. పొగ విషయంలో దేశం ఒక్క పూటలో మొదటి స్థానం నుంచి రెండుకు దిగిందని, ఇంత వేగంగా ఏ దేశమూ దిగలేదని సాయంత్రం ప్రకటించారు. దించినవాడికి ఆ కుర్చీ ఇమ్మని డైరెక్టరుగారికి చెప్పి వెళ్ళారు.

తోడల్లుడి నియామకపు ఉత్తర్వు టైపు చేసే పని మనవాడికే పడింది. అందులో ఒక్క తప్పూ లేదు.