పల్లు కోటకు దారెటు?

ఆ ఆదివారానికి హారతి వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. ఆరింటికి లేవాలి. తలంటుకోవాలి. రాక్షసుడి బలాబలాలు ఇంకోసారి చదువుకోవాలి. పాచికలు సంచిలో వేసుకుని, ఫ్రిజ్ మీద పెట్టిన మ్యాప్ చుట్ట తీసుకుని, పదిన్నరకల్లా స్వరాజ్యం అత్త టిఫిన్ సెంటర్ మేడ మీదికి చేరాలి. పదకొండింటికి నలుగురు మగవాళ్లను గుహలోకి తోలాలి. తలంటు మధ్యలో నీళ్లు ఆగిపోయాయి గానీ, దాన్ని ఆమె అపశకునం అనుకోలేదు. సూరత్ గోడాదరాలో ఆదివారం నీళ్లు రావడమే వింత.

ఈ గుహల సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. ఇదొక ఆట. ఒకరు టేబుల్ తల దగ్గర కూర్చుని కథ నడుపుతారు, వాళ్లను గేమ్ మాస్టర్ అంటారు. మిగతావాళ్లు వీరులో, వైద్యులో, దొంగలో అయిపోయి, తలుపు తీయాలా పారిపోవాలా అని కాసేపు కొట్టుకుని, ఇరవై ముఖాల పాచిక వేసి తమ రాత తెలుసుకుంటారు; ఎంత పెద్ద అంకె పడితే అంత మేలు. ఉద్యోగాలకూ చదువులకూ సూరత్ వచ్చిన తెలుగు కుర్రాళ్లు క్లబ్బు పెట్టుకుని ఆరేళ్లుగా ఇదాడుతున్నారు. ఆ ఆరేళ్లలో తల దగ్గర కుర్చీలో ఒక్క ఆడమనిషీ కూర్చోలేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ రమ్మననూ లేదు. "ఆడటానికే ఆడవాళ్లు ఒకరిద్దరొస్తారు, ఇక నడిపేవాళ్లను ఎక్కణ్నుంచి తేవాలండీ?" అని క్లబ్బు పెద్ద భరద్వాజ్ తెగ బాధపడేవాడు. బాధపడి, ఆ కుర్చీలో తనే కూర్చునేవాడు.

హారతి రెండేళ్లపాటు ఆ టేబుల్ మీద వైద్యురాలి వేషం కట్టి అందరి గాయాలకూ కట్లు కట్టింది. మూడో ఏడు మొహమాటం వదిలేసి అడిగేసింది. భరద్వాజ్ కంప్యూటర్ కంపెనీలో పనిచేసే మర్యాదస్తుడు, కాదనలేదు. "ఒక్క ఆట ఇస్తాను. మధ్యలో ఆగకుండా చివరిదాకా నడిపితే నెలకో ఆదివారం మీదే. ఆగితే మాత్రం నేనందుకుంటాను. మీరు పక్కన కూర్చుని చూసి నేర్చుకోండి" అన్నాడు. ఆ 'చూసి నేర్చుకోండి' హారతికి అరికాలి నుంచి మండింది. మూడు వారాలు కూర్చుని గుహలూ సొరంగాలూ పుర్రెల గదులూ గీసి, రంగులద్ది, ప్రమాదమున్న చోటల్లా ఎర్ర సిరాతో 'ఇటు పోతే చస్తారు' అని రాసుకుంది.

గీసింది మాత్రం తండ్రి కార్ఖానా నుంచి తెచ్చిన గ్రాఫ్ కాగితం మీద. తండ్రి గంగారాం జాకార్డ్ సాంచలు, అంటే డిజైన్లు నేసే మరమగ్గాలు, చూసుకునే పెద్ద పనివాడు. అక్కడ చీర డిజైన్ కూడా అదే కాగితం మీద గడి గడికీ రంగు నింపి గీస్తారు. శనివారం సాయంత్రం డిజైన్ గీసే ఉమాకాంత్ కొత్త చీర గ్రాఫ్‌ను చుట్టగా చుట్టి తెచ్చిస్తే, గంగారాం దాన్ని ఫ్రిజ్ మీద పెట్టాడు. అక్కడ అప్పటికే ఒక చుట్ట ఉందని ఆయన చూడలేదు. రెండోది వచ్చి చేరిందని హారతికీ తెలియదు.

గంగారాంకు ఒక పట్టింపు ఉంది. కొత్త డిజైన్‌ను ఇంట్లో విప్పడు. సాంచకు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాకే విప్పాలి. అది వాళ్ల తాత చేతిమగ్గాల నాటి నుంచీ వస్తున్న పద్ధతి. అందుకని ఆయన తెల్లవారకముందే చేతికందిన చుట్ట చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. కాయ కొట్టి, చుట్టకు కూడా బొట్టు పెట్టి, కంప్యూటర్ చూసే పరుశురాం చేతిలో పెట్టి, తను నూలు అతికించే పనిలో పడ్డాడు. గంగన్న తెచ్చిన కాగితాన్ని ఇదేమిటని అడిగే అలవాటు పరుశురాంకు లేదు. ఉన్నదున్నట్టు సాంచకు ఎక్కించేశాడు.

పదకొండింటికి మేడ మీద నలుగురూ కూర్చున్నారు. భరద్వాజ్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మెడికల్ కాలేజీలో చదివే ప్రణయ్ అప్పుడే దోసె తింటున్నాడు. హారతి గొంతు సవరించుకుని చుట్ట విప్పింది.

నెమళ్లు! వరసగా నెమళ్లు, వాటి కింద అలల బార్డర్, నడుమ మామిడి పిందెలు, చిన్న చిన్న పూల బుటాలు, ఆ చివర జరీ గోపురాలతో పల్లు. ఎక్కడా ఒక్క పుర్రె లేదు.

"ఏంటండీ ఇది?" అన్నాడు భరద్వాజ్, అప్పుడే సగం కుర్చీలోంచి లేస్తూ. "మ్యాప్ మర్చిపోయారా? పర్లేదు, నేను అందుకుంటాను."

"కూర్చోండి" అంది హారతి. ఆ గొంతు ఎక్కణ్నుంచి వచ్చిందో ఆమెకే తెలియలేదు. "ఇదే మ్యాప్. మీరు నెమళ్ల రాజ్యం పొలిమేరలో ఉన్నారు. ఈ అలలు నది. ఈ పిందెలు దీవులు. అదిగో, ఆ చివర కనిపించేది పల్లు కోట. అందులో మీ రాజును బంధించారు. మొదటి నెమలి మిమ్మల్ని చూసింది. మీరెవరని అడుగుతోంది."

ప్రణయ్ దోసె పక్కన పెట్టాడు. "నేను దొంగను. దాని వెనక నుంచి దూరిపోతా."

"నెమలి వెనక ఏముంటుంది ప్రణయ్? పింఛం. పింఛం నిండా కళ్లే. పాచిక వెయ్."

నాలుగు పడింది. దొంగ దొరికిపోయాడు. అందరూ గొల్లుమన్నారు. అక్కణ్నుంచి ఆట పరుగందుకుంది. ఒక నెమలికి పొగడ్తలు కావాలి, ఇంకోదానికి వానపాట కావాలి. భరద్వాజ్ అంతటివాడు లేచి నిలబడి వానపాట పాడాడు. గంట గడిచేసరికి వీరులు నది పట్టుకుని కాగితం అంచుదాకా వచ్చేశారు.

"కాగితం అయిపోయింది. ఇప్పుడెటు?" అన్నాడు భరద్వాజ్ మెల్లగా.

హారతి కాగితం వెనక్కి తిప్పి చూసింది. సరిగ్గా అప్పుడే స్వరాజ్యం అత్త వేడి దోసెలతో మేడెక్కింది. ఆమె పుట్టిందీ మెట్టిందీ నేత ఇళ్లలోనే. కాగితం చూడగానే ప్లేట్లు కింద పెట్టేసింది.

"అయిపోవుడేంది? గ్రాఫ్‌ల ఒక్క తునకనే గీస్తరు. నేసేటప్పుడు గదే మల్ల మల్ల వస్తది. మీరు నడుసుకుంట నడుసుకుంట మొదటి నెమలి కాడికే పోతరు."

"అవును, ఈ రాజ్యానికున్న శాపమే అది" అంది హారతి తడుముకోకుండా. "మీరు గంట నుంచీ ఒకే చోట తిరుగుతున్నారు."

నలుగురూ కాగితం మీదికి వంగారు. "అయితే కోటకు దారెటు?" అన్నాడు ప్రణయ్.

"గదీ సంగతి" అంటూ స్వరాజ్యం కుర్చీ లాక్కుంది. "బార్డర్ వట్టుకొని పోతే పల్లు జన్మల రాదు. ఆగుండ్రి, ఐలమ్మను పిలుస్త."

ఐలమ్మ కింద ఇడ్లీ పార్సెల్ కోసం నిలబడి ఉంది. ఇరవై ఏళ్లు చీరలు మడతలు పెట్టిన మనిషి. ఆమె వెంట, పక్కన నిలబడ్డ కమలాకుమారి వచ్చింది, ఆమె వెంట పార్సెల్‌కని వచ్చిన వాళ్లందరూ వచ్చారు. పావుగంటలో టేబుల్ చుట్టూ ఎనిమిది మంది ఆడవాళ్లు చేరారు. హారతి వాళ్లను నదిలో దారి చూపే బెస్తవాళ్లను చేసి తలా ఒక చింతగింజను గుర్తుగా కాగితం మీద పెట్టింది. ఇంతలో ఆమె ఫోన్ మోగింది. గంగారాం.

"బిడ్డా, సాంచ మీద పుర్రెలొస్తున్నయే."

"ఏంది బాపూ?"

"పుర్రెలు! జరితోటి అక్షరాలు గూడ వస్తున్నయ్. 'ఇటు పోతే చస్తారు' అని నేస్తున్నదే సాంచ. సలాబత్‌పురా శేఠ్ వచ్చి ఆఫీసుల కూసున్నడు. డిజైన్ చూపియ్యకుంటే నా నౌకరి పోతది. ఉమాకాంత్ గ్రాఫ్ నీ కాడున్నదా?"

హారతికి అంతా అర్థమైపోయింది. తన కాగితం సాంచ మీద, సాంచ కాగితం తన టేబుల్ మీద! "ఉన్నది బాపూ. ఒక్క అరగంట..."

"అరగంటేంది, నేనే వస్తున్న!"

కాగితం పోతే ఆట ఆగుతుంది. ఆట ఆగితే కుర్చీ పోతుంది. కాగితం ఇవ్వకుంటే బాపు నౌకరీ పోతుంది. హారతి ఫోన్ కింద పెట్టి, అదే గొంతుతో చెప్పింది: "కబురొచ్చింది. శత్రువు గుర్రమెక్కాడు. అతను చేరేలోగా కోట తలుపు తెరవాలి. లేకపోతే ఈ రాజ్యం మొత్తం చుట్ట చుట్టుకుపోతుంది."

అది అక్షరాలా నిజమని ఆమె ఒక్కదానికే తెలుసు.

శత్రువు గుర్రమెక్కలేదు గానీ స్కూటర్ మీద పది నిమిషాల్లోనే దిగాడు. వెనక సీట్లో ఆ శేఠ్, చీరల వ్యాపారి రమణిక్ భాయ్, కూర్చుని ఉన్నాడు. ఆయనకు ఇంకో చోట పనుంది, డిజైన్ ఎక్కడుంటే అక్కడికే వచ్చి చూస్తానన్నాడట. గంగారాం చేతిలో పుర్రెల గుడ్డ ముక్క, ముఖాన చెమట. వస్తూనే టేబుల్ మీదికి చెయ్యి చాచాడు. ఐలమ్మ ఆ చేతి మీద ఒక్కటిచ్చింది.

"చెయ్యి తియ్యన్నా! నది నడుమ మావోళ్లున్నరు."

"ఐలమ్మా, అది చీర!"

"చీరనే. మేం దాని లోపలున్నం. జర ఆగు."

గంగారాం శేఠ్ వైపు చూశాడు. శేఠ్ కాగితాన్ని చూడటం లేదు, దాని మీద వంగిన తలలను చూస్తున్నాడు.

కోట తలుపు దగ్గర రెండు తలల నెమలి కాపలా ఉంది. ప్రణయ్ వేశాడు, మూడు. భరద్వాజ్ వేశాడు, రెండు. వానపాటలు పాడిన ఆ మహావీరుడు నదిలో పడిపోయాడు. "ఎదురుంగ పోతే అంతే అయితది" అంది ఐలమ్మ. "బుటా మీదికెల్లి బుటా మీదికి, అడ్డంగ దుంకుకుంట పోదాం. పల్లు పక్కకెల్లి దొరుకుతది."

"పాచిక వెయ్యి అక్కా" అంది హారతి.

ఐలమ్మ పాచికను కళ్లకద్దుకుని వేసింది. అది టేబుల్ అంచుదాకా దొర్లి ఆగింది. పంతొమ్మిది.

"తలుపు తెరుచుకుంది!" అని హారతి అరిచిన అరుపుకు, ఎనిమిది మంది వేసిన కేకకు, కింద దోసె తింటున్నవాళ్లు పైకి పరిగెత్తుకొచ్చారు. ప్రణయ్ కమలాకుమారిని వాటేసుకోబోయి, మర్యాద గుర్తొచ్చి దండం పెట్టాడు.

అప్పుడు రమణిక్ భాయ్ నోరు విప్పాడు. "యే లోగ్ కబ్ సే దేఖ్ రహే హై?" వీళ్లు ఎప్పటి నుంచి చూస్తున్నారని అడిగాడు.

"ఆధా ఘంటా" అంది స్వరాజ్యం.

ఆయన హిందీలో చెప్పిందేమిటంటే, నలభై ఏళ్ల వ్యాపారంలో ఏ డిజైన్‌నైనా ఆడవాళ్లు రెండు నిమిషాలు చూసి 'ఇంకోటి చూపించు' అనడమే తప్ప, ఒక్క కాగితాన్ని అరగంట చూడగా ఆయన ఎరగడు. ఇంక నమూనా అక్కర్లేదు, ఉన్న సాంచలన్నిటి మీదా ఇదే ఎక్కించమన్నాడు. గంగారాం అక్కడే నేల మీద కూలబడి నీళ్లడిగాడు. పుర్రెల గుడ్డ ఎవరికీ పనికిరాదని హారతికిచ్చేయబోతే స్వరాజ్యం అడ్డం పడింది. "జాకెట్ కుట్టిచ్చుకుంట. మా ఆడబిడ్డ మొన్న జాకెట్ వెనుక ఏనుగు కుట్టిచ్చుకున్నది."

అందరూ వెళ్లాక భరద్వాజ్ చింతగింజలు ఏరుతూ, తలెత్తకుండా అన్నాడు: "కాగితం అయిపోయినప్పుడే నేనైతే ఆపేసేవాణ్నండీ." తర్వాత తల దగ్గర కుర్చీని తనే ఆమె వైపు జరిపాడు. హారతికి కళ్లలో నీళ్లు తిరిగాయి. మెట్ల మీద గంగారాం 'నా బిడ్డ, నా బిడ్డ' అని ముక్కూముఖం తెలియని వాళ్లకు చెప్పుకోవడం వినిపిస్తుంటే నవ్వూ వచ్చింది.

ఆపై ఆదివారం పదకొండు మంది ఆడవాళ్లొచ్చారు. నెల తిరిగేసరికి రెండో టేబుల్ వేసి ఐలమ్మే నడపడం మొదలుపెట్టింది. ఆమె గుహల్లోంచి ప్రాణాలతో బయటపడ్డవాళ్లు తక్కువ. భరద్వాజ్ ఇప్పుడు సెలవు రోజుల్లో గంగారాం దగ్గర బుటాల లెక్క నేర్చుకుంటున్నాడు. తన టేబుల్ దగ్గర సీటు ఖాళీ అయితే అతనికి కబురు చేస్తామని ఐలమ్మ చెప్పింది.